చైనాలో జాగా చూసిన మామ

నిన్న పొద్దున మా కింది ఇంటి ముసలావిడ నన్ను తిట్టింది. తలుపు దబదబా బాది, నేను తెరవగానే ఒక ఎండుమిరపకాయను నా ముక్కు ముందు ఊపుతూ మొదలుపెట్టింది. మెట్ల మీద ఎవరో వస్తున్న అలికిడి వినిపిస్తే, వాళ్ళకూ అందేలా గొంతు పెంచింది. నేనుండేది చైనాలోని కున్‌మింగ్ అనే ఊళ్ళో, ఐదో అంతస్తులో. పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఆవిడ అన్నదాంట్లో నాకు ఒక్క ముక్క తెలియలేదు. కానీ మిరపకాయ తడిసి ఉంది. నేను సరిగ్గా పిండకుండా ఆరేసిన బట్టల నీళ్ళు, కిందావిడ బాల్కనీలో ఎండబోసుకున్న మిరపకాయల మీద కారాయన్నమాట. ఖమ్మం వైపు పుట్టినదాన్ని. ఆరబోసిన మిరప మీద నీళ్ళు పడితే మనిషి నోట ఏమొస్తుందో నాకు ఇంకొకరు చెప్పాలా?

ఆవిడ దిగి వెళ్ళాక సంతోషం పట్టలేక ఫోన్ తీశాను. "మామా, తిట్టిండ్రు!" అని చెప్పాలి. నంబరు నొక్కబోయి ఆగాను. మామ పోయి అప్పటికి పదకొండు రోజులు.

తిట్లు తిని సంతోషపడేదేమిటి, దీనికేమైనా పిచ్చా అంటారు. అది తెలియాలంటే మామ తెలియాలి.

ఆయన పేరు రాయను. దాచడానికేమీ లేదు. ఆధార్ కార్డులో ఒక పేరు, రేషన్ కార్డులో ఒకటి, ఓటర్ల జాబితాలో మరొకటి ఉన్న మనిషి. ఏది రాసినా మిగతా రెండు ఆఫీసులకూ కోపమొస్తుంది. మా అమ్మకు అన్న. పినపాక మండలంలో గోదారి ఒడ్డున ఉండే మా కోయగూడెంలో చిన్నా పెద్దా అందరికీ 'జాగాల మామ'. కొత్తగా ఇల్లు వేసుకునేవాళ్ళు ఆయనొచ్చి జాగా చూడనిదే గుంజ పాతేవాళ్ళు కాదు.

మా పద్ధతి ఇది. సాయంత్రం పూట ఆ జాగాలో నేల శుభ్రంగా ఊడ్చి, మూడు చోట్ల మూడేసి బియ్యపు గింజలు పెట్టి, వాటి మీద ఆకు దొప్పలు బోర్లించి వస్తారు. తెల్లారి దొప్పలెత్తి చూస్తారు. గింజలు ఎక్కడివక్కడ ఉంటే జాగా మంచిది. కదిలినా, తగ్గినా నేల వద్దంటోందని లెక్క. ఇంకో జాగా వెతుక్కోవాలి.

ఇందులో మామ సొంత కవిత్వం కొంత ఉండేది. చంకలో ఎప్పుడూ ఒక నల్ల గొడుగు. ఎండలోనూ వానలోనూ దాన్ని విప్పగా నేను చూడలేదు. నేలను పొడిచి చూడటానికే దాన్ని కొన్నాడని మా నమ్మకం. పొడిచి, గొంతుక్కూర్చుని, చిటికెడు మట్టి తీసి వాసన చూసి, నాలుక చివర పెట్టుకుని, తుపుక్కున ఉమ్మి, ఆ ఇంటివాళ్ళ వైపు చూసేవాడు. వాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడితే, "చాయ్ పెట్టిండ్రా?" అనేవాడు. చాయ్ తాగేదాకా భూమి గురించి మాటే లేదు. చాయ్‌లో చక్కెర తక్కువైన ఇంటి జాగాకు ఏదో ఒక వంక దొరికేదని మా అత్త అనేది.

"ఇంజినీరు సారు జీపు దిగకుంటనే జాగ చూస్తడు. నేను నాలికతోటి చూస్తా. జీతం ఎవలకియ్యాలె మల్ల?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న సరైనదేనని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఇంకొక మాట కూడా ఉండేది ఆయనకు. దాన్ని పెళ్ళిళ్ళలో, చావుల్లో, బస్సు రానప్పుడు, మందు ఎక్కువైనప్పుడు తప్పకుండా చెప్పేవాడు. "ఊరంటే ఏంది? సచ్చినోణ్ణి మొయ్యనీకి నలుగురు, బతికినోణ్ణి తిట్టనీకి ఇద్దరు. గీ ఆరుగురు లేంది ఊరు గాదు, బస్టాండు."

మోసేవాళ్ళ సంగతి సరే, తిట్టేవాళ్ళెందుకని చిన్నప్పుడు అడిగాను.

"నువ్వుంటె ఎంత, పోతె ఎంత అనుకునేటోడు నిన్ను తిడతడా కోడలా? తిట్టిండంటె నువ్వు ఆని కండ్లల్ల పడ్డవన్నట్టే" అన్నాడు.

మా ఇంట్లో మాట్లాడేది కోయ భాష. మామ ప్రేమ, ఆకలి, జ్వరం అన్నీ కోయలోనే, ఇక్కడ నేనే తెలుగు చేసి రాస్తున్నాను. కోపం మాత్రం తెలుగులో. ఆఫీసుల చుట్టూ తిరిగీ తిరిగీ ఆ అలవాటైంది. "ఫారెస్టోళ్ళు మొదటిసారి తెలుగుల తిడితె నాకు సమజ్ గాలే. రెండోసారికి సమజైంది. మూడోసారి నేనే తిరిగి తిట్టిన. గప్పుడు వాళ్ళు నాకు కుర్చీ ఏసిండ్రు" అని గర్వంగా చెప్పుకునేవాడు. కుర్చీ వేసిన మాట నిజం కాదు. కానీ చెప్పేటప్పుడు ఆయన కూర్చునే తీరు చూస్తే నిజమే అనిపించేది.

ఇంతటి మనిషి పరువు తీసింది ఎవరో కాదు, నేనే.

నేను పదో తరగతి పరీక్షలు రాయబోయే ఏడాది గోదారి పొంగి గూడెం మునిగింది. మునగడం మాకు కొత్త కాదు గానీ, ఆసారి పెద్ద సార్లు వచ్చి ఎత్తు మీదికి మారాల్సిందేనన్నారు. మూడు జాగాలు చూపించి, వారం గడువిచ్చారు. మామ మూడింట్లోనూ దొప్పలు పెట్టాడు. చెరువు పక్క జాగాలో గింజలు సగం మాయం. చింతల దగ్గర ఒక్క గింజ మిగల్లేదు. గుట్ట పక్క జాగాలో మాత్రం తొమ్మిదికి తొమ్మిదీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మామ మూడు రోజులు నేల మీద నడవలేదు. గూడెమంతా తట్టా బుట్టా సర్దుకుని గుట్ట పక్కకు మారింది. దానికి సర్కారు కాలనీ అని పేరు పెట్టింది.

ఎండాకాలం వచ్చేసరికి బండారం బయటపడింది. ఆ నేలలో పార దిగదు. చిక్కుడు విత్తు పెడితే మొలవదు. బోరు వేస్తే తుప్పు వాసనతో ఎర్రటి నీళ్ళు. ఆ నీళ్ళ చుట్టూ అందరూ చేరారు. అప్పటికి నేను పదో తరగతి పాసై, సైన్సులో మా స్కూలు ఫస్టు. ఆ పొగరంతా నాలుక మీదే ఉంది.

"గింజలు కదలలేదంటే నేల మంచిదని గాదు మామా. ఇది అంతా బండ. ఇక్కడ చీమలే లేవు. చీమలు లేకపోతే గింజల్ని ఎవలు మోస్తరు?" అన్నాను.

మామ గొడుగును ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "సదువుకున్న పిల్ల" అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి ఆయన జాగాల మామ కాదు, 'చీమల్లేని జాగ చూసినోడు.' ఇల్లు కట్టుకుంటామని ఆయన్ని పిలిచినవాళ్ళు ఆ తర్వాత ఒక్కరు లేరు. బోరు దగ్గర బిందెకొక తిట్టు పడేది. మామ గుమ్మం ముందు గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని అన్నీ వినేవాడు, తెలుగులో కూడా బదులు చెప్పేవాడు కాదు. సరైన జవాబు చెప్పి మనిషిని చంపవచ్చని మా సైన్సు పుస్తకంలో లేదు. అది తెలుసుకోవడానికి నాకు పదేళ్ళు పైనే పట్టింది.

తర్వాత నేను ఎమ్మెస్సీ చదివి, మణుగూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరాను. ఏప్రిల్‌లో తీసేసి జూన్‌లో మళ్ళీ తీసుకునే ఉద్యోగం. ఒక ఏడాది కాలేజీ ఫ్లెక్సీ మీద నా ఫోటో వేసి కింద కెమిస్ట్రీ సారు పేరు రాశారు. అడిగితే, "ఎవరైతే ఏందమ్మా, ఇద్దరూ సైన్సేగా" అన్నాడు ప్రిన్సిపాల్. ఆ జూన్‌లో నేను మళ్ళీ వెళ్ళలేదు. హైదరాబాద్‌లోని ఒక ఏజెన్సీకి వివరాలు పంపాను. చైనాలో ఇంగ్లీషు మీడియం స్కూళ్ళకు టీచర్లను పంపుతారట. ఇంటర్వ్యూ అయింది, తీసుకున్నారు. హార్బిన్, షెన్‌జెన్, కున్‌మింగ్ మూడు ఊళ్ళలో ఖాళీలున్నాయి, పది రోజుల్లో ఒకటి ఎంచుకోండి, రెండేళ్ళ దాకా మార్చడం కుదరదు అని ఏజెన్సీ అమ్మాయి చెప్పింది. మూడు ఊళ్ళ గురించి మూడు రంగుల కాగితాలు పంపింది. మూడింటికీ ఐదుకు నాలుగున్నర చుక్కలు. మూడింటి మీదా ఒకే ఆడమనిషి, ఒకే కాఫీ కప్పు పట్టుకుని, ఒకే నవ్వు నవ్వుతోంది.

కాలనీకి వెళ్ళి విషయం చెప్పాను. మామ చాలాసేపు గొడుగు మొనతో నేలను గీకుతూ కూర్చున్నాడు.

"మూడు జాగలా?" అన్నాడు చివరికి.

"మూడు."

"ఎన్ని దినాలు?"

"పది."

"నయమే. మాకు వారమే ఇచ్చిండ్రు."

"నువ్వు చూసి చెప్పు మామా. నువ్వేది చెప్తే దానికే పోతా" అన్నాను.

లోపల్నుంచి అత్త చేతిలో చెంబు పక్కన పెట్టి మరీ వచ్చింది. "మల్ల ఎందుకే గీ ముసలోణ్ణి ఎగదోస్తవు? గీ కాలనీ వోళ్ళు తిట్టేది సాలదా, చైనోళ్ళు గూడ తిట్టాల్నా?" అంది. మామ అప్పటికే లేచి నిలబడ్డాడు. నడుం కొంచెం నిటారైంది. "చాయ్ పెట్టు" అన్నాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆయన నోట ఆ మాట ఆ గొంతుతో విన్నాను.

కాలేజీలో నేను కొనిపించి, వాళ్ళు ఒక్కసారీ గోడకు తగిలించని ఆసియా పటం నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని వాకిట్లో పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, మూడు ఊళ్ళ చుట్టూ పెన్నుతో సున్నాలు గీశాను. మామ ఒక్కో ఊరి మీద మూడు గింజలు పెట్టి దొప్ప బోర్లించాడు. ఒక్కో దొప్ప కింద తెలంగాణకు నాలుగింతల జాగా పట్టింది. షెన్‌జెన్ మీది దొప్ప సగం సముద్రంలో ఉంది. మామ దాన్ని కొంచెం గట్టు మీదికి జరిపాడు.

తెల్లారి మామ లేవకముందే అత్త కోళ్ళ గంప ఎత్తింది. మేం వచ్చేసరికి ఒక పెట్ట హార్బిన్ దొప్పను తన్నేసి, గింజలు తిని, ఉత్తర చైనాను కాళ్ళతో గీకి చింపేసింది. హార్బిన్‌లో చలికాలం నీళ్ళు గాల్లోనే గడ్డకడతాయని నేను అప్పటికే చదివి ఉన్నాను కాబట్టి ఎవరం పెద్దగా బాధపడలేదు. మిగతా రెండు దొప్పల కింద గింజలు చెక్కుచెదరలేదు. మామ వాటిని కాక నన్ను చూశాడు.

"ఏమనవేందే? చీమల ముచ్చట చెప్పవా?"

మామే పటాన్ని చుట్ట చుట్టాడు. "కాయితం మీద పెడితె కాయితం సంగతే చెప్తది. నువ్వు ఆ దినం అన్నది కరెక్టే కోడలా. గింజ కదలకుంటె సాలదు. ఆడ ఏదన్న బతుకుతున్నదా అని గూడ చూడాలె. మట్టి తెప్పియ్యి."

ఏజెన్సీ అమ్మాయికి ఫోన్ చేసి, రెండు ఊళ్ళ మట్టి చెరో చిటికెడు కావాలన్నాను. "సాయిలా మేడమ్? మీది ఫిజిక్స్ కదా, అగ్రికల్చరా?" అంది. ఎవరినో అడిగి, మట్టి పంపడం కుదరదు గానీ, అక్కడ పనిచేస్తున్న టీచర్లతో వీడియోలో మాట్లాడిస్తానంది. మామకు చెబితే, "మనిషి దొరికితె మట్టెందుకు" అన్నాడు.

మొదట షెన్‌జెన్. అక్కడ లెక్కలు చెప్పే ఆంధ్రా సారు. కిటికీలోంచి ఆకాశమంత ఎత్తు భవనాలు చూపించాడు, మెట్రో చూపించాడు, డ్రైవరు లేకుండా నడిచే కారు చూపించాడు. మామ అన్నీ మర్యాదగా చూసి, అడిగాడు.

"సారూ, ఆడ నిన్ను ఎవలన్న తిట్టిండ్రా?"

"ఛ ఛ! ఇక్కడ అందరూ చాలా ప్రొఫెషనల్ అండీ. మూడేళ్ళ నుంచి ఉంటున్నా, పక్కింట్లో ఎవరుంటారో కూడా తెలీదు. ఎవరి గొడవ వాళ్ళది. అంత హాయి."

మామ ఫోన్ నా చేతికిచ్చి, "బస్టాండు" అన్నాడు.

తర్వాత కున్‌మింగ్ నుంచి ఒక కేరళ టీచరమ్మ. ఆమె ఇంగ్లీషును నేను మామకు కోయలో చెప్పాను. ఊరు చల్లగా ఉంటుందట. వానలు పడగానే అడవి పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు బజారుకొస్తాయట. తిట్ల సంగతి అడగ్గానే ఆమె తల పట్టుకుంది. "అయ్యో, మా కింది ఇంటి ముసలమ్మ! చెత్త వేరే డబ్బాలో వేశానని సంచి తెచ్చి నా గుమ్మంలోనే పెట్టింది. మెట్ల మీద చెప్పులు విడిస్తే అరుస్తుంది. నాకు జ్వరమొస్తే గంజి తెచ్చిచ్చి, తినేదాకా నిలబడి మరీ తిట్టింది."

మామ ఫోన్‌కు దగ్గరగా జరిగాడు. "ఆమె పానం మంచిగున్నదా? ఇంకొన్నేండ్లు ఉంటదా?" అని అడిగించాడు. గట్టిగానే ఉందని చెప్పింది. మామ గొడుగు తీసి నేల మీద ఒక్క పోటు పొడిచాడు. "గీ ఊరికి పో."

ఏజెన్సీ ఫారంలో ఊరు ఎంచుకున్న కారణం రాయమని ఒక గడి ఉంది. 'వాతావరణం' అని రాశాను.

బయల్దేరే రోజు మామ బస్సు దగ్గరికి వచ్చాడు. "తిన్నవా అని నేనడుగ. చైనోళ్ళు గూడ అన్నమే తింటరంట గద. తిట్టిండ్రా అనే అడుగుత" అన్నాడు.

అడిగాడు. ప్రతి ఆదివారం, ఏడు నెలలు.

నాకిచ్చిన ఇల్లు కేరళ టీచరమ్మ ఇంటికి ఊరి ఆ చివర. ఆ ముసలమ్మ నా వాటాకు రాలేదు. మా బిల్డింగులో అందరూ నవ్వేవాళ్ళే. లిఫ్టులో నవ్వు, గేటు దగ్గర నవ్వు, స్కూల్లో నవ్వు. మా కిందావిడ అప్పట్లో కొడుకు దగ్గరెక్కడో ఉండి, ఆ ఇల్లు తాళం వేసి ఉండేది.

"తిట్టిండ్రా?"

"లేదు మామా. అందరూ మంచోళ్ళే."

"మంచోళ్ళేనా..." అని నిట్టూర్చి ఫోన్ అత్తకిచ్చేవాడు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను ప్రయత్నాలు కూడా చేశాను. చెత్త తప్పు డబ్బాలో వేశాను. కాపలా ఆయన నవ్వుతూ తీసి సరైన డబ్బాలో వేశాడు. మెట్ల మీద చెప్పులు విడిచాను. ఎవరో వాటిని జతగా సర్ది పెట్టి వెళ్ళారు. ముప్పై ఏళ్ళు దాటిన లెక్చరర్ని, నాలుగు తిట్ల కోసం ఇన్ని పాట్లా అని ఏడుపొచ్చింది.

ఒకరోజు అత్త గొంతు తగ్గించి చెప్పింది: "మీ మామ నిద్ర పోతలేడే. 'మల్ల చీమల్లేని జాగనే చూసిన్నా' అని ఒక్కడే గొణుగుతుండు. ఒక్కపాలి అవ్ అని చెప్పరాదే."

చెప్పొచ్చు. ఒక్క అబద్ధం. పక్కింటామె తిట్టింది మామా అంటే పోయేదేముంది? ఆ వచ్చిన ఆదివారం ఆయన అడిగాడు. నా నోట మళ్ళీ "లేదు మామా" అనే వచ్చింది. బోరు దగ్గరా నిజమే, ఇక్కడా నిజమే. నా నిజం తగలబడ.

తర్వాతి ఆదివారం దాకా మామ లేడు. మధ్యాహ్నం ఛాతీలో నొప్పన్నాడట, మణుగూరు దవాఖానా చేరకముందే అయిపోయింది. నేను వెళ్ళలేకపోయాను. తమ్ముడు వీడియో పంపాడు. పాడె మీద మామ పక్కనే గొడుగు పెట్టారు. మోస్తున్న నలుగురూ కాలనీవాళ్ళే. ముందు కుడివైపు కొమ్ము పట్టినాయన, బోరు దగ్గర మామను అందరికన్నా పెద్ద గొంతుతో తిట్టే మనిషి. భుజం మార్చుకోమని ఎవరో వస్తే, ఇవ్వలేదు. ఆ వీడియో చూసి వెక్కి వెక్కి ఏడ్చాను. మోసేవాళ్ళు నలుగురూ దొరికారు ఆయనకు. నా ఊరి సంగతి తేలకుండానే పోయాడు.

ఇదిగో, నిన్న తేలింది. కిందావిడ కొడుకు దగ్గర్నుంచి తిరిగొచ్చి వారమే అయింది. రాగానే మిరపకాయలు ఎండబోసుకుంది.

మామ నంబరంటే అత్త ఫోనే. కాసేపు చూసి, ఉండబట్టలేక నొక్కాను. అత్త ఎత్తింది.

"అత్తా, నన్ను తిట్టిండ్రు."

"ఎవలు?" అంది.

"కిందింటి ముసలామె. ఆమె మిరపకాయలు తడిపిన."

"తడిపితె తిట్టదా మల్ల, ముద్దు పెట్టుకుంటదా? గట్టిగ తిట్టిందా?"

"శాన గట్టిగ. బిల్డింగంతా ఇన్నది."

అత్త ఫోన్ పెట్టలేదు. చేతిలో పట్టుకునే బయటికి నడిచింది. చెప్పుల చప్పుడు, తర్వాత బిందెల చప్పుడు. బోరు దగ్గరికి పోయింది.

"ఇన్నరా? మా పిల్లను చైనాల తిట్టిండ్రంట! మా ముసలోడు చూసిన జాగ తప్పు గాలే!" అని అరిచింది. అరుస్తూనే ఏడ్చింది.

బిందెల చప్పుడు ఆగింది. ఒక మగ గొంతు లేచింది. పాడె కొమ్ము వదలని మనిషిదే.

"అవ్ అవ్! చైనాకు మంచిగనే చూసిండు! మమ్ముల మాత్రం గీ బండల మీద పడేసి పోయిండు నీ మొగడు!"

అత్త ఊరుకునే రకమా? అందుకుంది. ఇంకెవరో అందుకున్నారు. ఎర్ర నీళ్ళ దగ్గర్నుంచి మొలవని చిక్కుడు దాకా అన్నీ బయటికొచ్చాయి. పోయి పదకొండు రోజులైనా మామను ఆయన ఊరు తిడుతూనే ఉంది. ఫోన్ చెవికి ఆనించుకుని ఛార్జింగ్ అయిపోయేదాకా విన్నాను.

ఇవాళ మళ్ళీ బట్టలు ఉతికాను. అన్నీ గట్టిగా పిండాను. ఒక్క చొక్కా మాత్రం పిండకుండా ఆరేశాను.